మంటకు తొలి ముద్ద

దేవుడమ్మ చెయ్యి ఊరుకునే చెయ్యి కాదు. ఇనుప గనుల ఊరు బచేలీ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళ లైన్లన్నిటికీ ఈ సంగతి తెలుసు. తూకంలో మోసం చేసిన చింతపండు వర్తకుణ్ని సంత మధ్యలో ఆ తూకం రాయితోనే మోకాలి మీద కొట్టింది. నడుం మీద చెయ్యేసిన మేస్త్రీకి చీపురుకట్ట తిరగేసి ముక్కు పగలగొట్టింది. ఎదురు తిరిగి కొట్టినవాళ్ళూ లేకపోలేదు. ముందు పళ్ళలో ఒకటి అలాగే పోయింది. ఎవరైనా అడిగితే "నాది ఒకటే పోనాది, ఆడివి రెండు" అనేది.

అలాంటి మనిషి ఒకనాడు పట్టపగలు, వందమంది చూస్తుండగా, తనని జుట్టు పట్టి ఈడ్చి కొడుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూసినవాళ్ళు ఇవాళ్టికీ ఆ సంగతి చెప్పుకుంటారు. తప్పుగా చెప్పుకుంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆమె తండ్రి కిరందుల్ రైలు లైన్లో గ్యాంగ్‌మన్. సాలూరు అవతలి పల్లె నుంచి పట్టాల కింద కంకర సర్దడానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. దేవుడమ్మ పుట్టింది రైలు పట్టాల పక్క రేకుల షెడ్డులో. ఇంట్లో తెలుగు, సంతలో హల్బీ, బడిలో హిందీ. తిట్టాల్సి వస్తే మాత్రం మూడూ కలిపి వాడేది. పద్దెనిమిదో ఏట పైడయ్యకు ఇచ్చి చేశారు. పైడయ్య ట్యాంకరు డ్రైవరు. పుట్టిన ఇద్దరు పిల్లలూ పొత్తిళ్ళలోనే పోయారు. ఆ తరవాత ఆమెకి లోకంలో తనదని చెప్పుకోవడానికి పైడయ్య తప్ప ఎవరూ మిగల్లేదు. ఈ మాట ఆమె ఎన్నడూ పైకి అనలేదు. మొగుణ్ని తిట్టే తీరు చూస్తే తెలిసిపోయేది.

పైడయ్య తోలే ట్యాంకరు విశాఖ నుంచి నల్లనూనె తెచ్చేది. తారులా చిక్కగా ఉండే నూనె అది. బచేలీకి ఇవతల ఓ ప్రైవేటు కంపెనీవాళ్ళు గనిపొడి ఎండబెట్టే ప్లాంటు పెట్టారు. కొండ మీద తవ్విన ఇనుప గనిపొడి వానాకాలంలో బురదగా తయారై వ్యాగన్లకు అంటుకుపోతుంది. దాన్ని లారీ అంత పెద్ద ఇనుప డ్రమ్ములో వేసి గిరగిరా తిప్పుతూ, ఒక చివర నుంచి వేడిగాలి కొడతారు. ఆ గాలిని వేడి చేసే బర్నరు వారానికి ఆరు ట్యాంకర్ల నూనె తాగేది. దేవుడమ్మ అదే ప్లాంటులో ఊడ్చే పనికి కుదిరింది. మొగుడు తెచ్చిన నూనె ఎలా తగలబడుతోందో రోజూ కళ్ళారా చూసేది.

ఆ ఏళ్ళలో ఈ రోడ్డు మీద బండి తోలడమంటే ప్రాణాన్ని డాష్‌బోర్డు మీద పెట్టుకుని తోలడమే. అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళని ఇక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవరు, 'లోపలివాళ్ళు' అంటారు. గనులకు వెళ్ళే నూనె బండి అంటే వాళ్ళకి మంట. గీదం దాటాక ఓ మలుపులో, మిట్టమధ్యాహ్నం, రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి ఉంది. పైడయ్య బ్రేకు వేసే లోపే అటు పదిమంది, ఇటు పదిమంది. తలుపు తీసి కాలరు పట్టి కిందికి లాగారు. తుపాకీ మడమతో వీపు మీద రెండు వేశారు. "భాగ్!" అన్నారు. పైడయ్య పరిగెత్తాడు. వెనక నుంచి డీజిలు కంపు, ఆ వెంటనే వేడి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. లైసెన్సు బండిలోనే ఉందని గుర్తొచ్చింది మహానుభావుడికి. అది లేకపోతే రేపటి నుంచి బండి ఎవడిస్తాడని వెనక్కి పరిగెత్తాడు. సీటు కింద నుంచి రెక్సిను సంచి లాగాడు, లైసెన్సు దక్కించుకున్నాడు. ఎడమ చెవి మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు. మెడ చర్మం కరిగి చొక్కాకు అతుక్కుపోయింది.

తరవాత పోలీసు బలగాలు వచ్చాయి. కాలిన మెడతో గుంటలో కూర్చున్నవాణ్ని లేపి, నిన్నెందుకు చంపకుండా వదిలారని అడిగారు. బోర్లా పడేసి అరికాళ్ళ మీద కొట్టారు. లోపలివాళ్ళు రెండు దెబ్బలతో వదిలారు, వీళ్ళకి ఇరవై సరిపోలేదు. మూడోనాడు ఇంటికి మోసుకొచ్చారు. దేవుడమ్మ ఏడవలేదు. వెన్న రాస్తూ, అరికాళ్ళు నిమురుతూ, అటువాళ్ళనీ ఇటువాళ్ళనీ మూడు భాషల్లో తిట్టింది.

చెవి ఉండాల్సిన చోట పొక్కు ఊడిన నెలకి పైడయ్య ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి, మళ్ళీ బండెక్కుతావా?" అంది.

"ఎక్కకపోతే ఏటి తింతాం?"

"ఒక సెవి ఇచ్చీసినావు. రెండోది కూడా ఇచ్చీసొస్తావేటి?"

"ఇంకో పని నాకు రాదు దేవుడూ."

జీవితంలో మొగుణ్ని కొట్టింది ఆ ఒక్కసారే. అట్లకాడతో కొట్టింది. భుజం మీద, మోచేతి మీద, తొడ మీద. పైడయ్య తప్పించుకోలేదు. అట్లకాడ వంకరపోయాక అది పారేసి, గోడకు నుదురు ఆనించుకుని ఏడ్చింది. పైడయ్య ఆమె తల మీద చెయ్యి వేసి, ఆ తరవాత ట్యాంకరెక్కి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ట్యాంకరు ప్లాంటు గేటు దాటే వరకూ దేవుడమ్మకు అన్నం సయించేది కాదు.

ఆ ఏడాది ట్యాంకర్లు మరో మూడు తగలబడ్డాయి. ఒకదాంట్లో డ్రైవరు దిగలేకపోయాడు. నూనె రాక డ్రమ్ము ఆగిపోయింది. కంపెనీ అప్పుడు మేలుకుంది. పాణిగ్రాహి సాబ్ అని కోరాపుట్ వైపు ఇంజనీరు ఒకాయన వచ్చి కొత్త పొయ్యి కట్టించాడు. నూనె అక్కర్లేని పొయ్యి. రైసుమిల్లుల పొట్టుని గట్టిగా నొక్కి దిమ్మలుగా చేస్తారు. ఆ దిమ్మల్ని గాదెలాంటి నిలువెత్తు ఇనుప బొట్టలో పోసి, గాలి చాలీచాలకుండా కాలిస్తే మంటకు బదులు మండే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసుని గొట్టంతో తీసుకెళ్ళి నూనె బర్నరు ఉన్నచోటే వెలిగిస్తారు. వేడి అంతే వస్తుంది, వారానికి ఆరు ట్యాంకర్ల బదులు ఒక్కటి చాలు. అది కూడా పొద్దున్నే రాజేయడానికి.

పాణిగ్రాహి సాబ్ ఇదంతా చెబుతుంటే మిగతావాళ్ళు ఆవలించారు. దేవుడమ్మ చీపురు ఆపి వింది. ఆరు పోయి ఒకటి అన్న మాట ఆమె చెవిలో పడింది. సాయంత్రం ఇంటికెళ్ళి పైడయ్యతో, "నీ రోడ్డు మూసేత్తన్నారు" అంది. ఆమె మొహంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో పైడయ్యకే గుర్తు లేదు.

కొత్త పొయ్యికి ఆపరేటరు సన్యాసిరావు. పాత నూనె బర్నరూ అతనే చూసేవాడు. ముప్పై అయిదేళ్ళు, సాలూరు వైపు మనిషే, దేవుడమ్మని అక్క వరసన 'అప్పా' అని పిలిచేవాడు. భార్య చిన్నమ్మి, ఇద్దరు ఆడపిల్లలు, కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరు. చిన్నమ్మి గొంతు పక్కింటివాళ్ళు కూడా ఎరగరు, అంత నెమ్మది.

బొట్ట నెత్తిన రెండు మూతలు. పై మూత ఎత్తి దిమ్మలు పోయాలి, దాన్ని మూసి బిగించాక కింది మూత లాగాలి, దిమ్మలు లోపలికి పడతాయి. "దోనో ఢక్కన్ ఏక్ సాథ్ కభీ నహీ" అని పాణిగ్రాహి సాబ్ రోజుకు పదిసార్లు చెప్పేవాడు. రెండూ ఒకేసారి తెరిస్తే బయటి గాలి లోపలి గ్యాసుని కలుస్తుంది, కలిస్తే పేలుతుంది. సన్యాసిరావుకి ఇది అర్థం కాక కాదు. బర్నర్ల పనిలో పన్నెండేళ్ళున్నవాడు.

కానీ వాళ్ళ వైపు ఒక పద్ధతి ఉంది. బెల్లం వండే పొయ్యి అయినా, ఇటుకల బట్టీ అయినా, నిప్పు కాసే మనిషి తను తినే ముందు పసుపన్నం ముద్ద ఒకటి మంట నోట్లో వేయాలి. ఆకలితో ఉన్న మంట మనుషుల వైపు చూస్తుందని వాళ్ళ నమ్మకం. నూనె బర్నరుకి పక్కన చిన్న కిటికీ ఉండేది. పన్నెండేళ్ళపాటు మధ్యాహ్నం రెండింటి బి షిఫ్టు ఎక్కగానే సన్యాసిరావు ఆ కిటికీ తీసి ముద్ద వేసి, మంట రంగు చూసి, దండం పెట్టుకునేవాడు. ఆ పసుపన్నం ఇంటి నుంచి ఆకులో చుట్టి తెచ్చేది దేవుడమ్మే. దాని వల్ల ఎన్నడూ ఎవరికీ ఏమీ కాలేదు.

కొత్త పొయ్యికి కిటికీ లేదు. మూడు రోజులు ముద్ద పడలేదు. మూడు రోజులూ సన్యాసిరావు సరిగ్గా తినలేదు. నాలుగోరోజు దేవుడమ్మ ఆకు పొట్లం ఇస్తూ, "కింద బూడిద తీసే కన్నం ఉంది కదా, అందులో ఎయ్యి" అంది.

సన్యాసిరావు ఆమెను చిత్రంగా చూశాడు. "బూడిద దిగే దారిలో అన్నం పెడతారేటప్పా? ఎవులికైనా ఎనక నుంచి ముద్ద పెడతామేటి? నోట్లోనే పెట్టాల."

"సాబు ఒద్దన్నాడు కదరా."

"ఒక్క సిటికలో మూసేత్తాను."

ఆమె ఇంకోసారి వద్దనాల్సింది. అనలేదు. మంట ఆకలితో ఉందని ఆమెకీ భయంగానే ఉంది. పైడయ్య ట్యాంకరు ఆ మధ్యాహ్నం రోడ్డు మీదే ఉంది మరి. ఒక్క ముద్ద పడితే అన్నీ చల్లగా ఉంటాయనుకుంది.

సన్యాసిరావు ఇనుప మెట్లెక్కాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. పై మూత ఎత్తాడు. ఎడమ చేత్తో కింది మూత పిడి లాగాడు, కుడిచేతి గుప్పిట్లో అన్నం. మంట నోరు కనిపించాలని ముందుకు వంగాడు.

కడుపులోంచి పెద్ద త్రేనుపు వచ్చినట్టు శబ్దం అయింది. ఆ వెంటనే తాటిచెట్టంత మంట నిలువునా లేచింది. షెడ్డు రేకులు ఎగిరాయి. మనిషి వెనక్కి విసిరేసినట్టు మెట్ల పైనున్న ఇనుప జాలీ మీద పడ్డాడు. అతని మొహం ఉన్న చోట మంట ఉంది. అరవడానికి నోరు తెరిస్తే అందులోకీ మంట వెళ్ళింది.

దేవుడమ్మ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకు తెలీదు. అతని చొక్కా పట్టి అవతలికి లాగింది. చీర కొంగుతో మొహం మీద బాదింది. బొట్ట ఇంకా నిప్పులు కక్కుతూనే ఉంది, పక్కనే పొట్టు దిమ్మల కుప్ప ఉంది. అది అంటుకుంటే ప్లాంటంతా పోతుంది. వట్టి చేతులతో పై మూత పట్టుకుని కిందికి నొక్కింది. అరచేతులు ఇనుముకి అంటుకున్నాయి. మూత పడింది. చేతులు వెనక్కి తీసుకుంటే చర్మం రాలేదు, అక్కడే ఉండిపోయింది. కింద దిమ్మలు మోసే హుంగా అనే కోయ మనిషి ఇసక బస్తాతో పైకి వచ్చి ఆమెను భుజాన వేసుకుని దించాడు.

సన్యాసిరావు ఆసుపత్రి చేరేలోపే పోయాడు. మధ్య దారిలో ఒకసారి "అప్పా" అన్నాడని జీపులో ఉన్న హుంగా చెప్పాడు. రెండు చేతులకీ మొహానికీ కట్లు కట్టి, గుడ్డలో చుట్టి శవాన్ని ఇంటికి పంపారు.

సన్యాసిరావు పోయిన నాలుగో రోజు ప్లాంటు ముంగిట్లో విచారణ పెట్టారు. పైనుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఎదురుగా కూలీలూ, లైన్లలోని ఆడవాళ్ళూ కలిపి వందమంది. ముందు వరసలో చిన్నమ్మి, ఒళ్ళో చిన్నపిల్ల. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లతో దేవుడమ్మ పక్కగా కూర్చుంది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది.

మేనేజరు అప్పటికే తేల్చేశాడు. నాలుగు రోజుల్లో మనిషిని మింగిన పొయ్యి తనకు వద్దన్నాడు. పీకి పారేసి పాత బర్నరు పెట్టిస్తానన్నాడు. సోమవారం నుంచి ట్యాంకర్లు పంపమని కబురు వెళ్ళిపోయింది. ఆ కబురు పైడయ్యకి నిన్ననే అందింది. మొదటి బండి అతనిదే.

పాణిగ్రాహి సాబ్ లేచి నిలబడ్డాడు. రెండు మూతలూ ఎవరో చేతులారా తెరిస్తే తప్ప అది పేలదన్నాడు. "ఆపరేటరే తెరిచాడంటావా?" అని పెద్ద ఆఫీసరు అడిగాడు. అలా అయితే తప్పు చనిపోయినవాడిది. రూలు కాదని ప్రాణం పోగొట్టుకున్నవాడి కుటుంబానికి ఉద్యోగమూ ఉండదు, క్వార్టరూ ఉండదు. నెలలో ఖాళీ చేయాలి.

తెలుగువాళ్ళందరికీ పసుపన్నం సంగతి తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. విప్పితే చిన్నమ్మి రోడ్డున పడుతుంది. విప్పకపోతే తప్పు పొయ్యిది అవుతుంది, పొయ్యి పోతుంది, సోమవారం పైడయ్య మళ్ళీ ఆ మలుపు దాటాలి. దేవుడమ్మ అటు చూసింది, ఇటు చూసింది. చిన్నమ్మి ఒళ్ళో పిల్ల వేలు చీకుతోంది. గేటు దగ్గర ఒంటి చెవి పైడయ్య నిలబడి ఉన్నాడు. ఆ అన్నం వండింది ఎవరు? ఆకులో చుట్టి ఇచ్చింది ఎవరు? వద్దనాల్సిన రెండో మాట మింగేసింది ఎవరు? ఈ ప్రశ్నలు ఆమెను మూడు రోజులుగా కాలిన చేతులకంటే ఎక్కువ కాలుస్తున్నాయి.

లేచి నిలబడింది.

"ఢక్కన్ మైనే ఖోలా సాబ్" అంది హిందీలో. తరవాత అందరికీ అర్థమయ్యేలా తెలుగులో మళ్ళీ చెప్పింది. "రెండూ నానే తీసినాను. దిమ్మ ఇరుక్కుంటే ఊసతో తోద్దారని ఎక్కినాను. ఒద్దప్పా అని సన్యాసి పరిగెట్టుకొచ్చినాడు. నన్ను పక్కకి తోసీసినాడు. నాకు తగలాల్సింది ఆడికి తగిలింది."

పాణిగ్రాహి సాబ్ ఆమె కట్ల వైపు చూశాడు. పై మూత మీద అతుక్కున్న అరచేతుల చర్మాన్ని ఆయనే గీకి తీయించాడు. అవి మూత మూసిన చేతులని తెలిసీ ఆ మాట ఎత్తలేదు. హుంగాని పిలిచి అడిగారు. హుంగా దేవుడమ్మని చూసి, "నేను దిమ్మలు మోస్తున్నా సాబ్, పైకి చూడలేదు" అన్నాడు. చూశాడని దేవుడమ్మకు తెలుసు. ఆఫీసరు రాసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు చిన్నమ్మి పిల్లని పక్కావిడ ఒళ్ళో పడేసి లేచింది.

ఆ గొంతు ఎవరూ అంతవరకూ వినలేదు. "నా మొగున్ని తినీసినావే!" అని ఒక్క అరుపు. దేవుడమ్మ జుట్టు పట్టి నేలకి లాగింది. ముంగిటంతా ఈడ్చింది. చెప్పుతో కొట్టింది, చెప్పు తెగిపోయింది. కాలితో పక్కటెముకల్లో తన్నింది. చేతికి గనిరాయి దొరికింది, దాంతో కనుబొమ్మ మీద కొట్టింది, భుజం మీద కొట్టింది. భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు కుర్చీల దాకా వినిపించింది. నెత్తురు కళ్ళలోకి కారింది. దేవుడమ్మ లేచి కూర్చుని, కట్లున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల కొంచెం వంచింది. చేతులు పనికిరాక ఊరుకుందని జనం అనుకున్నారు. కాళ్ళకి కట్లు లేవు కదా. ఒక్క తన్ను తంతే చిన్నమ్మి కుర్చీల మీద పడేది.

చివరికి హుంగా వచ్చి చిన్నమ్మిని నడుం పట్టి ఎత్తుకుపోయాడు. ఆఫీసర్లు మొహాలు తిప్పుకుని కాగితం ముగించారు. చనిపోయినవాడు తోటి మనిషిని కాపాడబోయి చనిపోయాడని రాశారు. పొయ్యిలో లోపం లేదని రాశారు.

దేవుడమ్మని ఠాణాకి తీసుకెళ్ళి రెండు రోజులు ఉంచారు. కాలిన చేతుల మీద ఓ కానిస్టేబులు లాఠీ కొనతో నొక్కి నవ్వాడు. కేసు వద్దని కంపెనీ చెప్పడంతో వదిలేశారు. పని పోయింది. లైన్లలో ఉండనివ్వలేదు. రేకుల మీద రాళ్ళు పడ్డాయి, గుమ్మంలో పేడనీళ్ళు పడ్డాయి. పైడయ్య బట్టలు మూటకట్టుకుని ఊరి చివర గుడిసె వేశాడు. నిజం ఆమె అతనికి చెప్పింది. "నా కోసం సేసినావా ఇదంతా?" అన్నాడు. "నీ మొగం. ఆ అన్నం నాను వండినాను" అంది. రెండూ నిజమే.

సోమవారం ట్యాంకరు రాలేదు. పొయ్యి మళ్ళీ రాజుకుంది. నెలలో కాంట్రాక్టరు డ్రైవర్లను తగ్గించాడు, పైడయ్యను మొదట తీసేశాడు. ఊరంతా జాలిపడింది. దేవుడమ్మ ఆ రోజు పాయసం వండింది, గరిట పట్టుకోవడం రాక సగం ఒలకబోసింది. తరవాత పైడయ్యకి గీదం మిల్లు నుంచి పొట్టు దిమ్మలు తెచ్చే లారీ దొరికింది. అదే రోడ్డు, అదే మలుపు. ఒకసారి లోపలివాళ్ళు ఆపారు కూడా. టార్పాలిన్ ఎత్తి చూసి, పొట్టు అని తెలిసి, ఒకడు నవ్వి బండి మీద చరిచి పంపేశాడు. ఆ కథ చెప్పి చెప్పి పైడయ్య అందరినీ విసిగించేవాడు.

చిన్నమ్మికి సన్యాసిరావు ఉద్యోగం ఇచ్చారు. క్వార్టరు నిలిచింది. దేవుడమ్మ దారిలో కనిపిస్తే చిన్నమ్మి ఉమ్మేసి వెళ్ళేది.

పది నెలలు అలా గడిచాయి. సన్యాసిరావు సంవత్సరీకానికి ఇంకా రెండు నెలలుంది. మధ్యాహ్నం దేవుడమ్మ పొయ్యి ముందు కూర్చుని ఎసట్లో బియ్యం పోస్తోంది. కాలిన వేళ్ళు పక్షి గోళ్ళలా లోపలికి ముడుచుకుపోయి, మళ్ళీ సాగలేదు. గుమ్మంలో నీడ పడింది. చీర మీద కంపెనీ నీలం చొక్కా తొడుక్కుని చిన్నమ్మి నిలబడి ఉంది.

దేవుడమ్మ కట్టెపుల్ల అందుకుంది. మళ్ళీ కొట్టడానికి వచ్చిందనుకుంది.

చిన్నమ్మి ఎదురుగా కూలబడి కొంగు ముడి విప్పింది. అందులో చిన్న గుడ్డ మూట. అందులో పసుప్పచ్చని మెతుకులు, గింజల్లా గట్టిపడినవి, ఓ చారెడు ఉంటాయి.

"ఆయన గుప్పిట్లో ఉన్నాయప్పా. నీళ్ళోసినప్పుడు కట్టు ఇప్పి సూసినాను. ఏళ్ళు ఇరిస్తే గాని రానేదు."

శవానికి నీళ్ళు పోసింది విచారణకు ముందే.

"అంటే..." అంది దేవుడమ్మ. "నా జుట్టట్టుకున్నప్పటికే నీకు తెలుసేటి?"

"తెలుసు."

"తెలిసి ఎముక ఇరగ్గొట్టినావా?"

"నాను కొట్టకపోతే ఆళ్ళు నమ్మరు కదప్పా. ఆ ఆఫీసరు నా మొగమే సూత్తన్నాడు. నాను ఊరుకుంటే ఎందుకూరుకుందని అడుగుతాడు. పిల్లలు రోడ్డు మీద కనబడ్డారు నాకు." గొంతు మళ్ళీ ఎప్పటిలా సన్నగా అయిపోయింది. "మొదట్లో నమ్మించడానికే కొట్టినాను. తరవాత తెల్దు. నువ్వు ఆ అన్నం తెచ్చినావని కూడా కొట్టినాను."

దేవుడమ్మ చెయ్యి లేచింది. ముడుచుకున్న వేళ్ళతోనే చిన్నమ్మి చెంప మీద కొట్టింది. గట్టిగా తగిలింది, పెదవి చిట్లింది. చిన్నమ్మి కదల్లేదు. "ఇంకోటి కొట్టు" అంది. దేవుడమ్మ రెండోసారి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే చిన్నమ్మి మెడ చుట్టూ పడింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు ఏడ్చారు. పది నెలలు దాచుకున్న ఏడుపు, సిగ్గూ మర్యాదా లేకుండా, పెద్ద గొంతులతో. ఎసరు పొంగి నిప్పు మీద పడింది.

తరవాత చిన్నమ్మి ముక్కు తుడుచుకుంది. "నాది బి షిఫ్టే ఇప్పుడు. ఆ పై మూత నా సేతిలోనే ఉంటాది. ఎవుడైనా అన్నం అట్టుకుని మెట్లెక్కితే ఆడి సెయ్యి నరికేత్తాను" అంది. ఆ మెతుకుల మూటని దేవుడమ్మ అందుకుంది. పొయ్యిలో ఎదర నుంచి, మంట నోట్లోకి వేసింది. అవి చిటపటమని కాలిపోయాయి.

బయట లారీ ఆగిన చప్పుడైంది. పైడయ్య తలపాగా విప్పుకుంటూ వంగి లోపలికి వచ్చాడు. ఇద్దరు ఆడవాళ్ళు నెత్తురూ కన్నీళ్ళతో పొయ్యి ముందు కూర్చుని ఉండడం చూశాడు. రోజూ అడిగేదే అడిగాడు.

"అన్నం అయిందేటి?"

చిన్నమ్మి ఇంట్లో ఆ మాట అడిగే మనిషి లేడు. ఆమె లేచి నీలం చొక్కా దులుపుకుని, పైడయ్య పక్క నుంచి తప్పుకుని, షిఫ్టుకి టైమవుతోందని చెప్పి వెళ్ళిపోయింది.